జంగమ్మ బీరపాదు, కస్తూరమ్మ ఎలుకలు

సూర్యాపేటలో కూరగాయల జంగమ్మకు రెండే రెండు పేర్లు చెబితే ఒళ్లు మండేది. ఒకటి ఎలుకలు, రెండోది గోడ అవతలినుంచి పాపం పుణ్యం అని నీతులు చెప్పే కస్తూరమ్మ. ఈ రెండు మంటలకూ పొయ్యి ఒకటేనని ఆమెకు తెలిసింది మాత్రం పంతొమ్మిది వందల అరవై రెండులో, ఒక శుక్రవారం పొద్దున.

జంగమ్మది తుంగతుర్తి పక్క పల్లె. సూర్యాపేట మార్కెట్లో బస్తాలు మోసే ఉప్పలయ్యను చేసుకుని ఈ ఊరొచ్చింది. ఉప్పలయ్య నలభై దాటకుండానే ఒకనాడు బస్తా కింద కూలబడి మళ్లీ లేవలేదు. పిల్లల్లేరు. మిగిలింది రెండర్రల పెంకుటిల్లు, దాని వెనక పెరడు. ఆ పెరట్లో వంకాయ, మిరప, గోంగూర, చిక్కుడు పండించి, తెల్లారగానే గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది. ఆమె నోటికి జడిసి బేరమాడేవాళ్లు కూడా తక్కువే.

గంపలో అన్నిటికన్నా పైన ఉండేది బీరకాయ. మూరెడు పొడుగు, కాస్త ముదిరినా పీచెక్కదు, కూర వండితే పక్కింటికి వాసనొస్తుంది. జంగమ్మ కాపురానికి బయలుదేరిననాడు తల్లి సత్యమ్మ కొంగున ముడేసి పంపిన గింజలవి. తల్లి మరుసటేడే కలరాతో పోయింది. తోడబుట్టినవాళ్లు లేరు. తల్లిదంటూ జంగమ్మకు మిగిలింది ఆ బీరతీగ ఒక్కటే. అందుకే ఏటా రెండు మూడు కాయలు తీగ మీదే ఎండనిచ్చి, ఊపితే గలగలమన్నాక తెంపి, గింజలు బూడిదలో కలిపి దాచుకునేది. కాయ అడిగితే ఊరికే ఇచ్చినా ఇస్తుంది గాని, గింజ మాత్రం ఎవరికీ ఇవ్వదు. వీధి చివరి యాదమ్మ ఒకసారి నాలుగు గింజలు అడిగితే, "మా అమ్మను ముక్కలు కోసి పంచియ్యమంటున్నవా?" అని మొహం మీదే అనేసింది. యాదమ్మ ఏడాదిపాటు ఆమెతో మాట్లాడలేదు.

ఆ ఏడు పెరడు మీద ఎలుకలు పడ్డాయి. వంకాయలకు బొక్కలు పెట్టాయి, చిక్కుడు తీగల్ని మొదట్లో కొరికాయి. జంగమ్మ కలుగుల్లో గాజు పెంకులు కుక్కింది. ఎండుమిరపకాయల పొగ పెట్టింది. ఆ పొగకు వీధి వీధంతా దగ్గింది గాని ఒక్క ఎలుకా దగ్గలేదు. చివరికి చెక్క బోను కొని, లోపల ఎండుచేప కట్టింది. రోజూ ఒకటి పడేది. పొద్దున్నే దాన్ని బోనుతో సహా నీళ్ల తొట్టిలో ముంచి, "సావు, నీ వంశం నాశనం గాను" అని తిట్టి పారేసేది. నెల రోజులు చంపినా రోజుకొకటి వస్తూనే ఉంది. ఎక్కడినుంచి వస్తున్నాయో అర్థంగాక ఆమెకు పిచ్చెక్కినంత పనయింది.

విత్తనానికి వదిలిన మూడు బీరకాయల్లో రెంటిని ఎలుకలు డొల్ల చేశాయి. పోయినేటి గింజలన్నీ నాటేసింది గనక దాచినవి కూడా లేవు, తీగకు కాపూ అయిపోయింది. మిగిలిన ఒక్క కాయకు పాత చీరపేలిక చుట్టి, పందిరి గుంజలకు తుమ్మకంప కట్టి, గంపెత్తడం మానుకుని దాని కిందే కాపలా కూర్చుంది. "ఇది గూడ పోతే మా అమ్మ మళ్లొకసారి సచ్చినట్టే" అని తనలో తనే గొణుక్కునేది.

ఆ శుక్రవారం బోనును తొట్టిలో ముంచబోయి ఆగిపోయింది. లోపల బాగా బలిసిన ఎలుక ఉంది. దాని వీపుకు పసుపు, రెండు చెవుల నడుమ కుంకుమ బొట్టు.

జంగమ్మ బోను కింద పెట్టేసింది. దేవుడి ఎలుకనే పట్టానా అని చెంపలేసుకుంది. అంతలో గోడ అవతలినుంచి మెత్తటి గొంతు వినిపించింది. "వెళ్లిరా నాయనా. మళ్లీ మా గోదాంలోకి రాకు." గోడ మీద ఒక బోను కనిపించింది. దాని తలుపు ఇటువైపు తెరుచుకుంది. పసుపు పూసిన మరో ఎలుక జంగమ్మ వంకాయ మడిలోకి దూకింది.

ఆ గొంతు కస్తూరమ్మది. వడ్ల వ్యాపారి జగన్మోహన్ సేటు భార్య, కోదాడ ఆడపడుచు. వాళ్లింటి వెనకే వడ్ల గోదాం. ఎలుకను చంపితే వినాయకుడి వాహనాన్ని చంపినట్టేనని ఆ ఇంట్లో అందరికీ భయం.

"సావుకారమ్మా! ఏం జేస్తున్నరు?" అని జంగమ్మ గోడ కింద నిలబడి అరిచింది.

కస్తూరమ్మ తొణకలేదు. "శ్రావణ శుక్రవారం కదా, పసుపు కుంకుమ పెట్టకుండా వట్టిచేతులతో ఎలా పంపిస్తాం? తెల్లారకముందు ఒకదాన్ని, ఇప్పుడు ఇంకోదాన్ని పంపాం. రోజూ ఇక్కడే వదులుతున్నాం. వీధిలో వదిలితే కుక్కలు పట్టుకుంటాయి జంగమ్మా, ఆ పాపం మాకు చుట్టుకుంటుంది. నీ పెరడైతే పచ్చగా ఉంటుంది, ఏదో తిని బతుకుతాయి."

"ఏదో తిని కాదు, నన్ను తిని బతుకుతున్నయ్! మీ పాపం మీరు మొయ్యలేక నా పాదుల పోస్తున్నరా?"

"నోరు జారకు. మూగజీవానికి ఇంత చోటిస్తే పుణ్యం నీకూ వస్తుంది."

జంగమ్మ ఇక ఆగలేదు. వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్లి సేటు వాకిట్లో కూర్చుంది. సేటు కొట్టునుంచి వచ్చేదాకా కదలనంది. మధ్యాహ్నం దాటాక ఆయన వచ్చి, అంతా విని, "ఆడోళ్ల భక్తి, నేనేం చేద్దును" అని చేతులు దులుపుకుని లోపలికి పోయాడు.

తిరిగొచ్చేసరికి పందిరి కింద చీరపేలిక పడి ఉంది. దాని పక్కన బీరకాయ డొల్ల. అటు తిప్పి ఇటు తిప్పి ఊపి చూసింది. చప్పుడు లేదు. జంగమ్మ మట్టిలోనే కూలబడి, తల్లి పోయిననాడు ఏడ్చినట్టు ఏడ్చింది.

ఏడ్చి ఏడ్చి ముక్కు చీదుకుంటుంటే చిన్ననాటి సంగతి ఒకటి మెదిలింది. కోతలయ్యాక తల్లీ తనూ పొలం గట్లమీద ఎలుక కలుగులు తవ్వేవాళ్లు. "దొంగముండలు అన్నీ తినయి బిడ్డా, దాసుకుంటయి" అనేది సత్యమ్మ. ఆ వడ్లతోనే ఎన్నో పూటలు గడిచాయి. జంగమ్మ లేచి గడ్డపార తీసింది.

కలుగు వంకాయ మడి కిందనుంచి గోడ వైపు పోయింది. కొంగు నడుముకు చుట్టి, పొద్దు వాలేదాకా తవ్వింది. పునాది దగ్గర గుల్లగా తగిలింది. చెయ్యి పెడితే గుప్పెడు గుప్పెడుగా వడ్లు వచ్చాయి, కొలిస్తే తవ్వెడుకు తక్కువ ఉండవు. వాటి అడుగున నల్లగా బీర గింజలు. ముందు పోయిన కాయలవో, ఇప్పటి కాయవో, కొరకనివి తొమ్మిది. "అమ్మా, ఉన్నవా!" అని గుండెకు అదుముకుంది.

గడ్డపార చప్పుడుకు సేటు గోడమీదుగా తొంగి చూశాడు. "గోడ కూలుతది, జర చూసుకో." తర్వాత ఆయన చూపు కుప్ప మీద పడింది. "జంగమ్మా, ఆ వడ్లు మా గోదాంవే కదా?"

జంగమ్మ చేతుల మట్టి దులుపుకుంది. "మీవే సేటూ. ఒక్క గింజ ఉంచుకోను" అంది. గింజలు కొంగున ముడేసింది. వడ్లు చేటలోకి ఎత్తింది, పొద్దుటి ఎలుక ఉన్న బోను చంకన పెట్టుకుంది. వీధి వీధంతా వెంట నడిచింది. సేటు గడపలో వడ్లు కుమ్మరించి, ఆ కుప్ప మీదే బోను తలుపు తెరిచింది.

"వడ్లు మీయి, తిన్నది గూడ మీదే. ఇగ లోపటికి పిలుసుకోండ్రి!"

బొట్టు పెట్టుకున్న ఎలుక నేరుగా నట్టింట్లోకి పరుగెత్తింది. కస్తూరమ్మ కెవ్వుమని మంచమెక్కింది.

తొమ్మిది గింజల్లో మొలిచినవి నాలుగు. ఒక్క తన పెరట్లోనే దాచుకోబట్టే తల్లి విత్తనమంతా ఒక్క కలుగులోకి పోయిందని జంగమ్మకు తెలిసొచ్చింది. ఆ కాపు గింజలు పట్టుకుని ముందుగా యాదమ్మ గడపే తొక్కింది. "మా అమ్మను జర నీ ఇంట్ల గూడ ఉంచుకో" అంది. తర్వాత వీధిలో ప్రతి ఇంటికీ ఇచ్చింది, కస్తూరమ్మ ఇంటికి తప్ప. కస్తూరమ్మ నోరు తెరిచి అడిగినా ఇవ్వలేదు. పదేళ్లు ఇవ్వలేదు.

పదకొండో ఏడు తీగ తనంతట తనే గోడ దాటింది. అటువైపు వేలాడిన కాయను కస్తూరమ్మ కొయ్యకుండా విత్తనానికి వదిలి, పట్టు రవికెముక్క చుట్టి, కళ్లలో పెట్టుకుని చూసుకుంది. జంగమ్మకు అదంతా కనబడుతూనే ఉంది. తీగను లాగెయ్యలేదు, ఒక్క మాటా అనలేదు. అక్కడికి ఎలుకల గోదాం పది అడుగులే.

కాయ ఎండి గలగలమనే రోజుల్లో, ఒక పొద్దున గోడ అవతల ఏడుపు వినిపించింది. "జంగమ్మా, మొత్తం కొట్టేసింది! ఒక్క గింజ కూడా మిగల్చలేదు, పాడు ఎలుక!"

జంగమ్మ వంకాయలు తెంపడం ఆపలేదు.

"బొట్టు పెట్టి పంపిన్రా, సావుకారమ్మా?"