సారు చుట్టిన మాట

మంగళవారం పొద్దున షాపు తెరిచి రెండు టీలు చెప్పాను. ఒకటి నాకు, ఒకటి సారుకు. టీలు వచ్చేలోపే సారు కొడుకు ఫోన్ చేశాడు.

"నాయన లేడన్నా. తెల్లారి లేపితే లేయలేదు."

"సరే" అని పెట్టేశాను. ఏం సరే? ముందురోజు సాయంత్రం దాకా నా పక్కనే కూర్చున్న మనిషి. ఒక జిరాక్స్ కాపీ అడిగినాయనకు పన్నెండు తీసిచ్చాను. రెండో టీ మీద మీగడ కట్టింది.

నేను ఏడో తరగతితో ఆగినవాణ్ణి. కదిరిలో జిరాక్స్, టైపింగ్ షాపు నాది. ఇంగ్లీషు అక్షరాలు చూసి కొడతాను, అర్థం తెలియదు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన సారు నా షాపులో స్టూలు మీద కూర్చుని, జనం రాసుకొచ్చిన ఇంగ్లీషు దిద్దేవారు. పెన్సిల్ తప్ప పెన్ను పట్టింది లేదు. అనుమానమొచ్చిన మాట చుట్టూ గుండ్రంగా గీసి, రాసిన మనిషి మొహం చూసేవారు. ఆ మనిషి ఎదురుగా లేకపోతే కాగితం ముట్టరు.

"వాళ్లు ఏం చేసినారో నాకేం తెలుసప్పా? వాళ్లనే అడగల్ల" అనేవారు.

ఒకసారి ఒకాయన దుబాయి పనికి అర్జీ తెచ్చాడు. గోడలు కడతానని ఉందట అందులో.

"కడతావా? ఏదీ, చేసి సూపించు" అన్నారు సారు.

ఆయన ఉత్త చేత్తో నా షాపు గోడకు పూత పూశాడు. ఆటో అతను తొంగి చూసి, "ఏమన్నా, సిమెంటు యాడ?" అని నవ్వాడు.

"నవ్వేది కాదప్పా. కట్టేవాడనుకొని పిలిస్తే ఆడికి పోయినాక ఈయప్ప గతేంది?" అని సారు ఆ మాట తీయించి, గోడలకు పూత పూస్తానని రాయించారు.

సోమవారం సాయంత్రం కొత్తచెరువు పక్క పల్లె నుంచి ఒక పాప వచ్చింది. అనంతపురంలో ఎమ్మే చదువుతోంది. పైచదువు సీటు కోసం తమ ఊరి మెట్ట సేద్యం గురించి రాసింది. మరుసటి సాయంత్రంలోగా పంపాలి.

"మీ నాయన చేను వదిలేసినాడా?" అని అడిగారు సారు.

"మూడేండ్లుగా విత్తనం ఏయలేదు సార్."

"నేనడిగింది అది గాదు. వదిలేసినాడని రాసిన ఈ పెద్ద ఇంగ్లీషు మాట నీదా, ఫోన్‌దా?"

పాప తల దించుకుంది. "ఫోన్‌దే సార్."

"పొయ్యి మీ నాయన్ను సూసి రా. రేపు రాద్దాం" అని ఆ మాట చుట్టి లేచారు. అదే చివరి గీత.

మంగళవారం మధ్యాహ్నం సారును సాగనంపి వచ్చేసరికి పాప షాపు మెట్ల మీద ఉంది. ఎలాగో చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. తరువాత గడియారం చూసి, "ఆ మాట అట్లే కొట్టు తాతా. ఎవురు సూస్తారు?" అంది.

కీబోర్డు పక్కకు జరిపాను. ఎవరినీ ఏమీ అడిగే అలవాటు లేనివాణ్ణి. అయినా అడిగాను.

"మీ నాయన పొద్దున ఏం చేసినాడు పాపా?"

"చేనికి పోయినాడు."

"పోయి?"

"ఏముండాది తాతా ఆడ? గట్టు మీద కూసున్నాడు. లేసి రాళ్లు ఏరినాడు. రోజూ అంతే..."

చెబుతూ చెబుతూ ఆగిపోయింది. రాయి ఏరినట్టు వంగిన చేయి అలాగే ఉండిపోయింది. స్టూలు మీది పెన్సిల్ తీసుకుని ఆ మాట కొట్టేసి పక్కన ఏదో రాసింది. ఒక్కో అక్షరం చూసుకుని కొట్టాను. అర్థం అడిగితే చెప్పింది: విత్తనం వేయకపోయినా మా నాయన రోజూ చేనికి పోయి రాళ్లు ఏరుతాడు. గడువులోపే పంపాం.

ఆ కాగితం నాకే ఇచ్చిపోయింది. బల్ల అద్దం కింద పెట్టుకున్నాను. గీత పక్కన సారు బొటనవేలి పెన్సిల్ మసి మరక ఉంది. రోజూ షాపు తెరిచి దుమ్ము తుడిచేటప్పుడు, అది అద్దం మీద ఉందనుకుని ఇంకోసారి తుడుస్తాను.