పక్క సీటు

గేనర్ ప్రిచెట్ ఆ కారు కొన్ననాటికి అందులో కోళ్లు కాపురం చేస్తున్నాయి. ముదురాకుపచ్చ రంగు, రెండే సీట్లు, గుడ్డ టాపు ఉన్న పాత ఎం.జి. స్పోర్ట్స్ కారది. కోవెంట్రీ బయట ఒక రైతు దాన్ని తన కొట్టంలో పడేసి ఏళ్ల తరబడి మర్చిపోయాడు. డ్రైవరు సీట్లో ఒక గోధుమరంగు పెట్ట పొదుగుతోంది. గేనర్ చెయ్యి చాపితే ఠక్కున పొడిచింది.

"దానికి మీరు నచ్చినట్టు లేరు," అన్నాడు రైతు.

"నాకు దాని సీటు నచ్చలేదు. కారు మాత్రం తీసుకుంటాను," అంది గేనర్.

లారీ మీద కారు ఇంటికి చేరేసరికి భర్త నెవిల్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఊళ్లో చెప్పుల దుకాణంలో పనిచేస్తాడతను. మాట మెత్తన, నవ్వు ముఖం. అతనంటే గిట్టనివాళ్లు ఆ వీధిలో లేరు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కు మూసుకుని, "బంగారం, కార్లు దొరక్క కోళ్లగూడు కొనుక్కొచ్చావా?" అన్నాడు. ఆ మాటకు పక్కింటివాళ్లు కూడా నవ్వారు.

గేనర్ నవ్వలేదు. ఆమెకు కోపం తొందరగా వస్తుంది, తొందరగా పోదు. చిన్నప్పుడు వాళ్ల నాన్న కార్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆదివారమైతే ఇంటి వెనక షెడ్డులో తన పాత కారు విప్పుకుని, మగపిల్లలిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకునేవాడు. గేనర్ టీ కప్పులు పట్టుకెళ్లి గడపలో నిలబడేది. పానా అందిస్తానంటే, "వాళ్ల చేతులు మసైతే సబ్బుతో పోతుంది. నీ చేతులు మసైతే నిన్నెవడు చేసుకుంటాడే?" అనేవాడు. ఆ అన్నలిద్దరికీ ఈరోజుకీ కారు చక్రం మార్చడం రాదు. ఆమె పోస్టువుమన్‌గా చేరి, తెల్లవారకముందే సంచీ భుజాన వేసుకుని ఊరంతా నడిచింది. తలుపుల్లో ఉత్తరాలు వేసే సందులకుండే ఇనుప రేకులు వేళ్లు కొరికేవి, రేకుల వెనక కుక్కలు కొరికేవి. చేతులు సున్నితంగా ఉండాలన్న ముచ్చట అక్కడితో తీరిపోయింది.

ఇంజను పని తెలిసిన మెకానిక్కుకు అప్పగించింది. లోపలి పని మాత్రం ఎవరికీ ఇవ్వనంది. శనివారం ఉత్తరాల పని ముగించి, తిండి తిని, పాత ఓవరాల్ తొడుక్కుని గ్యారేజీలోకి వెళ్లేది. ఆదివారం పొద్దున మళ్లీ అక్కడే. మొదట కోళ్ల పెంట గీకింది. తర్వాత కుళ్లిన కార్పెట్టు ముక్కలు ముక్కలుగా పీకింది. గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకాన్ని పని బల్ల మీద తెరిచి, పేజీలు ఎగరకుండా సుత్తి పెట్టేది.

మొదటి పెద్ద దెబ్బ తలుపుల దగ్గర తగిలింది. తలుపు లోపలి వైపు బిగించే అట్టలకు కొత్త నల్ల రెక్సిన్ అంటించాలి. పాత అట్టను ఆనించి గీత గీసి రెండు అట్టలు కోసి, రెక్సిన్ లాగి, ముడత లేకుండా అంటించి, ఆదివారం సాయంత్రానికి ముగించింది. ఎడమ తలుపుకు అచ్చంగా కుదిరింది. రెండోది తీసుకెళ్లి కుడి తలుపుకు పెడితే పిడి కోసం తీసిన చిల్లు అటు చివర ఉంది. రెండూ ఎడమ తలుపువే చేసింది. సుత్తి విసిరితే గ్యారేజీ తలుపుకు సొట్ట పడింది.

"ఎందుకొచ్చిన తంటా? డబ్బులు పారేస్తే చేసిపెట్టేవాళ్లు బోలెడుమంది," అన్నాడు నెవిల్, టీ కప్పుతో గడపలో నిలబడి.

"ఆ కప్పు అక్కడ పెట్టి వెళ్లు," అంది గేనర్.

సీట్లు ఇంకా ఏడిపించాయి. కొత్త స్పాంజి మీదికి కొత్త తొడుగు ఎక్కనంటే ఎక్కదు. రెక్సిన్‌కు స్పాంజి అతుక్కుపోతుంది, లాగితే కుట్టు పుటుక్కుమంటుంది. ఒక తొడుగు అలా చిరిగింది కూడా. చివరికి ఆమె స్పాంజి మీద చెత్త వేసే ప్లాస్టిక్ సంచీ తొడిగింది. దాని మీద తొడుగు జారింది. జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో రెక్సిన్‌ను వెచ్చబెడుతూ, మోకాలితో అదిమి, మూలలు లాగి, అడుగున ఇనుప రింగులతో తొడుగును సీటు చట్రానికి బిగించింది. తర్వాత సంచీని చించి కొంచెం కొంచెంగా బయటికి లాగేసింది. ఎర్ర అంచు కుట్టిన నల్ల సీటు గట్టిగా, నున్నగా కూర్చుంది. గేనర్ ఆ సీట్లో, కారులో కాదు, గ్యారేజీ నేల మీదే, చాలాసేపు కూర్చుండిపోయింది.

రెండేళ్ల వారాంతాలు అలా గడిచాయి. కారు రోడ్డెక్కాక మారింది నెవిల్. చేతులకు తోలు గ్లవ్స్, నెత్తిన గళ్ల టోపీ కొనుక్కున్నాడు. పక్క సీట్లో దర్జాగా కూర్చుని వీధిలో కనిపించిన వాళ్లకల్లా చెయ్యి ఊపేవాడు. పాత కార్ల క్లబ్బులో కూడా అతనే చేరి, ఫారంలో యజమాని గడిలో తన పేరే రాసి వచ్చాడు. గేనర్ పట్టించుకోలేదు. తాను చేసిన తప్పల్లా అదేనని తర్వాత అనుకుంది.

జూన్‌లో క్లబ్బు వాళ్ల ప్రదర్శన. రగ్బీ మైదానంలో కార్లు వరసగా నిలిపారు. జనం మడత కుర్చీలు వేసుకుని శాండ్‌విచ్‌లు తింటున్నారు. క్లబ్బు అధ్యక్షుడు హంఫ్రీ కోట్స్ ఒక్కో కారు చూసుకుంటూ వచ్చాడు. ఒకప్పుడు సొంత గ్యారేజీ నడిపిన మనిషి. గేనర్ బానెట్ తుడుస్తుంటే ఆమెను దాటుకుని నెవిల్ దగ్గరికి వెళ్లాడు. తలుపు తీసి వంగి, సీటు అంచు మీద బొటనవేలితో రాశాడు.

"ముడత లేదు. ఎలా ఎక్కించావయ్యా దీన్ని?"

నెవిల్ ఒక క్షణం గేనర్ వైపు చూశాడు. తర్వాత కోట్స్ వైపు తిరిగాడు. "ఓపికండీ. ప్లాస్టిక్ సంచీ వేసి, వెచ్చబెట్టి లాగాం."

"లాగాం" అన్నాడు. గేనర్ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

కోట్స్ వెళుతూ వెళుతూ ఆమెను చూసి, "మీ ఆయనది మంచి చెయ్యమ్మా. వేళకు టీ ఇస్తున్నావా లేదా?" అన్నాడు. నెవిల్ ఫక్కున నవ్వాడు.

ఆమె అప్పటికీ ఊరుకుంది. ఇంటికెళ్లాక అడగొచ్చనుకుంది. సాయంత్రం మైకులో లోపలి పనికి మొదటి బహుమతి నెవిల్ ప్రిచెట్‌కని చెప్పారు. అతను టోపీ సర్దుకుని వేదిక ఎక్కి కప్పు అందుకున్నాడు. మైకు చేతికిచ్చారు.

"మా ఆవిడకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి," అన్నాడు. "ఇన్ని వారాంతాలు నన్ను గ్యారేజీలోకి వదిలిపెట్టినందుకు."

మైదానమంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్య గేనర్ కారెక్కి, తాళం తిప్పి, గడ్డి మీదుగా మడత కుర్చీలను తప్పించుకుంటూ, వేదిక ముందు నుంచే గేటు దాటించింది. నెవిల్ కప్పు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

ఎక్కడా ఆగకుండా ఇల్లు చేరింది. గ్యారేజీలో కారు పెట్టి, పానాలు తీసింది. పక్క సీటును ముందుకు జరిపి వెనక బోల్టులు, వెనక్కి జరిపి ముందు బోల్టులు విప్పింది. సీటును ఎత్తి గోడకు ఆనించింది. ఖాళీ అయిన చోట పనిముట్ల పెట్టె పెట్టింది.

నెవిల్ రెండు బస్సులు మారి, కప్పు చంకలో పెట్టుకుని వచ్చాడు. గ్యారేజీలోకి తొంగిచూసి అక్కడే ఆగిపోయాడు.

"ఏమైందా సీటుకి?"

"దానికేమీ కాలేదు. బాగుంది. బహుమతి కూడా వచ్చిందట."

"గేనర్, అది ఏదో సరదాకన్న మాట."

"ఎవరు నవ్వారు?"

"అందరూ నవ్వారు."

"నేను నవ్వానా?"

అతను కప్పును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "వాళ్లే అలా అనుకున్నారు. అంతమందిలో కాదంటే బాగుండదు కదా? సరే, తప్పయింది. చెబుతున్నాగా, తప్పయింది."

"నాకెందుకు చెప్పడం? సీటు ఎవరు చేశారో నాకు తెలుసు. వాళ్లకు చెప్పు. చెప్పిన రోజు దీన్ని బిగిస్తాను."

ఆ వేసవంతా గేనర్ ఒక్క సీటుతోనే కారు నడిపింది. ఆదివారాలు వేల్స్ సముద్రతీరం దాకా ఒంటరిగా వెళ్లి వచ్చేది. ఆమెతో పాటు ఉత్తరాలు పంచే డోరీన్ ఒకసారి ఆ ఖాళీ చూసి, "మొగుణ్ణి డిక్కీలో వేసుకొస్తున్నావా ఏంటే?" అంది. గేనర్ జరిగిందంతా చెప్పింది. డోరీన్ నవ్వుతుందనుకుంటే నవ్వలేదు. "నేనైతే డ్రైవరు సీటు పీకేసి వాణ్ణే కారు తోయమనేదాన్ని," అంది.

క్లబ్బువాళ్లు నెలకొకసారి ఒక పబ్బు వెనక గదిలో కలుస్తారు. జూలైలో నెవిల్ వెళ్లొచ్చాడు. గుమ్మంలో అతని ముఖం చూస్తేనే గేనర్‌కు తెలిసిపోయింది. ఆగస్టులోనూ అంతే. "సందర్భం రాలేదు," అన్నాడు. అప్పుడామెకు జూన్‌లో కంటే ఎక్కువ కోపం వచ్చింది. మైదానంలో అన్నది నోరు జారిన మాటనుకోవచ్చు. ఇది మాత్రం ఆలోచించుకుని, పబ్బుదాకా వెళ్లి, బీరు తాగి, చెప్పకుండా తిరిగిరావడం.

సెప్టెంబరు సమావేశానికి ఆమె కూడా వెళ్లింది. తిరుగుదారిలో ఇద్దరికీ ఒక్క సీటు చాలదని కారు తియ్యకుండా బస్సెక్కింది. ముందు రోజే సీటు తొడుగు విప్పేసింది. వెనక గది తలుపును భుజంతో తోసుకుని, బట్టలు ఊడిన సీటును మోసుకొచ్చి, గ్లాసులు జరిపి బల్ల మీద పెట్టింది. దాని పక్కన తొడుగు, ప్లాస్టిక్ సంచీ, జుట్టు ఆరబెట్టే మిషన్ పెట్టింది.

"మిస్టర్ కోట్స్, మీరు ఈ సీటును చాలా మెచ్చుకున్నారు. నెవిల్ దీన్ని మీ కళ్లముందే తొడిగి చూపిస్తాడు," అంది.

"గేనర్, ఇంటికెళదాం పద," అన్నాడు నెవిల్ గొంతు తగ్గించి.

"వెళదాం. తొడిగాక."

అందరూ నెవిల్ వైపు చూస్తున్నారు. అతను సంచీ చేతిలోకి తీసుకున్నాడు. ఎటు వైపు తెరుచుకుంటుందో తెలియక అటూ ఇటూ తిప్పాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. చివరికి దాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"నాకు రాదు," అన్నాడు. "నేను ఒక్క కుట్టు కూడా వెయ్యలేదు. మొత్తం ఆవిడే చేసింది. నేను టీ ఇచ్చాను, అది కూడా ఎప్పుడో ఒకప్పుడు."

ఎవరో దగ్గారు. కోట్స్ గ్లాసు దించి, గొంతు సవరించుకుని, "అయితే మీరు ఆ రోజే ఒక్క మాట చెప్పి ఉండాల్సిందమ్మా," అన్నాడు.

"మీరు నన్ను అడిగింది టీ గురించి," అంది గేనర్. "సీటు గురించి అడిగి ఉంటే చెప్పేదాన్ని."

కోట్స్ మళ్లీ గ్లాసు ఎత్తాడు. తప్పు తనదేనని మాత్రం అనలేదు. ఆ మాట కోసం గేనర్ కాసేపు నిలబడి చూసి, రాదని అర్థమయ్యాక సామాను ఎత్తుకుంది. సీటుకు అటువైపు నెవిల్ చెయ్యి వేశాడు. ఆమె వద్దనలేదు. ఇద్దరూ దాన్ని చెరోవైపు పట్టుకుని, బస్సు ఎక్కించి, ఇంటికి తెచ్చారు.

మాట ఇచ్చింది కాబట్టి ఆ శనివారమే సీటు బిగించింది. కానీ అందులో మొదట కూర్చున్నది డోరీన్. నెవిల్ వంతు చలికాలం మొదలయ్యాక గానీ రాలేదు. ఆ రోజు అతను టోపీ పెట్టుకోకుండా వచ్చి, బుద్ధిగా కూర్చుని, ఎవరికీ చెయ్యి ఊపలేదు.

మరుసటి జూన్‌లో ఆమె తన పేరుతోనే ప్రదర్శనకు వెళ్లింది. ఈసారి కోట్స్ ఆమెనే అడిగాడు, ప్రతి ప్రశ్నా "మేడమ్" అంటూ అడిగాడు. బహుమతి మాత్రం ఇంకెవరికో వెళ్లింది. గేరు దగ్గర కార్పెట్టు కోత వంకరగా ఉందట. గేనర్ ఇంటికొచ్చేదాకా కోట్స్‌ను తిడుతూనే ఉంది.

"వంకరగానే ఉంది కదా," అన్నాడు పక్క సీట్లోంచి నెవిల్, కాస్త భయపడుతూనే.

"ఉంది," అంది గేనర్. "అందుకే ఇంకా ఒళ్లు మండుతోంది."

శనివారం మధ్యాహ్నం ఆ కార్పెట్టును పీకేసి కొత్తది కోయడం మొదలుపెట్టింది.