నలుగు పాటకు కూలి

ఈ రోజు సూలూరులో, పురాణం చెప్పడానికి వెళ్ళిన ఒక పెళ్ళింట నోరు పారేసుకున్నాను. మిల్లులో నూలు చుట్టే రంగమ్మ నలుగు పాటలు సొంతంగా కట్టి పాడుతుంది. వియ్యాలవారిలో ఒక్కొక్కరినీ పేరు పెట్టి ఎగతాళి చేయాలి, అదే మా ఆచారం. పెళ్ళికూతురికి పసుపు పూసి అందరూ ఎదురుచూస్తుంటే, రంగమ్మ ముందు కూలి ఇమ్మంది. నాకు ఒళ్ళు మండింది. చంకలోని పురాణం పుస్తకం పైకెత్తి, "వాక్కు సరస్వతీదేవిది! అమ్ముకుంటే పాపం!" అని అరిచాను.

రంగమ్మ బెదరలేదు. "షిఫ్టు వదిలేసి వస్తిని సామీ. మూడు దినాలు ఇంటింటికీ పోయి పేర్లు అడిగి పాట కడితిని. పాపమంటే నువ్వే పాడు, కాసే వద్దు!"

రోషంతో మొదలుపెట్టాను. శ్లోకాలు వచ్చాయి గానీ పెళ్ళికొడుకు మేనత్త పేరు రాలేదు. ఆడవాళ్ళు పకపకా నవ్వారు. పిల్ల మొహాన పసుపు ఎండిపోతోంది. ఆమె తల్లి గబగబా వచ్చి రంగమ్మ చేతిలో డబ్బు పెట్టింది. రంగమ్మ గొంతెత్తగానే ఆ మేనత్తే అందరికంటే ముందు పడీపడీ నవ్వింది.

సాయంత్రం నా పురాణం అయ్యాక ఎప్పటిలాగే హారతి పళ్ళెం తిరిగింది. ఆమెది కూలి, నాది దక్షిణ అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. పళ్ళెంలో పడ్డ డబ్బు మాత్రం ఇంకా ముట్టలేదు. ఆ రెంటికీ తేడా తెలిసినవారు చెప్పండి, నాకు మనసు నిలవడం లేదు.