సొట్ట పడని ట్యూబా

బ్యాండు మాస్టారికి పాత శిష్యుల పేర్లు గుర్తుండవు. బజార్లో ఎవరైనా నమస్కారం పెడితే బుర్ర గోక్కుని, "మెట్ల దగ్గర సొట్ట నీదే కదూ?" అంటారు. హైస్కూలు బ్యాండులోని ట్యూబాని, మనిషంత ఆ ఇత్తడి బాకాని, ఎవరు ఎక్కడ పడేశారో మాత్రం ఆయన మరిచిపోరు. ఇప్పుడది చిల్లులు పడి మూలన చేరింది. "చవగ్గా ఉండాలి, పదేళ్లు మన్నాలి" అని హెడ్మాస్టరు పంపితే, వాయిద్యాల దుకాణంలో పొద్దుటి నుంచీ కుండ కొనేవాడిలా ఒక్కోదాన్నీ వేలితో మోగించి చూస్తున్నారు. దళసరి ఇత్తడిది మన్నుతుంది గానీ ఖరీదు. పల్చటిది చవకే గానీ మా పిల్లల చేతిలో వారం ఆగదంటారు. అవ్వా కావాలి, బువ్వా కావాలి. చివరికి కొట్టాయన విసిగిపోయి ఒక ప్లాస్టిక్ ట్యూబా దించి, నేలమీద దభీమని పడేశాడు.

"చూశారా మాస్టారూ! ధర సగం. మేడ మీంచి పడేసినా సొట్ట పడదు."

మాస్టారు దాన్ని ఒళ్లోకి తీసుకుని నున్నటి వంపులన్నీ తడిమారు, మళ్లీ తడిమారు. డబ్బు తియ్యబోయిన చెయ్యి జేబులోనే ఆగిపోయింది.

"అంతా బాగానే ఉందండీ," అన్నారు అయోమయంగా. "మరి రేపు పిల్లల్ని నేనెలా గుర్తుపట్టాలి?"