నారాయణప్ప ఎరువు డ్రమ్ము

కొత్తగూడలో కొడుకు ఫ్లాటుకు వచ్చిన నారాయణప్ప, గులాబీల కోసం డాబా మీద డ్రమ్ములో కూరగాయల తొక్కులు వేసి ఎరువు చేయబోయాడు. అనంతపురం కరువు చూసిన మనిషి, ఎండిపోతుందేమోనని రోజూ చెంబెడు నీళ్లు పోశాడు. వారానికే కంపు లేచి పై అంతస్తువాళ్లు కొట్లాటకొచ్చారు.

మెట్లు ఊడ్చే కిష్టమ్మ డ్రమ్ములోకి తొంగి చూసింది. "గిన్ని నీళ్లు వోస్తే మురిగిపోదా పెద్దసారూ? జర ఎండాకులు కలుపుండ్రి."

ఆ కాంక్రీటులో ఎండాకులెక్కడివి?

ఆ ఆదివారం ప్రత్యేక తెలంగాణ కోసం జనం రోడ్డు మీదే వండుకుతిని వంటావార్పు చేశారు. సీమ యాసతో బయటికి పోవద్దని కొడుకు నారాయణప్పను కదలనివ్వలేదు. సాయంత్రం కిష్టమ్మే జనం తిని పారేసిన ఎండు మోదుగాకు విస్తళ్లు గోనెసంచి నిండా మోసుకొచ్చింది.

రెండు నెలలకు ఎరువు నల్లగా, పొడిపొడిగా దిగింది. దోసిలి నిండా తీసి వాసన చూశాడు నారాయణప్ప.

"కిష్టమ్మా, మళ్లీ వంటావార్పు ఎప్పుడమ్మా? ఈసారి సంచి నేనే మోస్తా."