సుత్తి కింద పెట్టకుండా దిగిన మోడరేటర్

నవంబరులో ఆ ప్రమాదం జరిగినప్పుడు హోలిస్ రోవెల్ ముందుగా చేసిన పని, తనతో కలిసి చెట్లు కొట్టే లూసియన్ నోట్లో తన తోలు చేతితొడుగు కుక్కడం. ఆ తర్వాతే కత్తి తీసి బూటు కోశాడు. ఎండిపోయిన పెద్ద కొమ్మ ఒకటి పైన ఎక్కడో చిక్కుకుని వేలాడుతోంది. పక్కనున్న చెట్టు కూలిన అదురుకు అది జారి, నలభై అడుగుల ఎత్తు నుంచి నిటారుగా దిగి, లూసియన్ గాన్యే మోకాలి కింద ఎముకను నుగ్గు చేసింది. ఎముక మొన ప్యాంటు చించుకుని బయటికి వచ్చింది. హోలిస్ తన బెల్టుతో తొడను బిగించి కట్టి, మొద్దులు ఈడ్చే బండి ముందున్న ఇనుప రేకు మీద అతన్ని పడుకోబెట్టి, మంచులో రెండు మైళ్లు ఆ బండి నడిపి రోడ్డు దాకా తెచ్చాడు. తొడుగు ఊసేసినప్పుడల్లా లూసియన్ ఒకటే మాట అన్నాడు.

"అంబులెన్సు పిలిచావో, చంపేస్తాను. నీ ట్రక్కులోనే పోదాం."

ఎందుకని హోలిస్ అడగలేదు. అంబులెన్సు ఎక్కితే వేల డాలర్ల బిల్లు వస్తుంది. లూసియన్‌కు ఇన్సూరెన్స్ లేదు. హోలిస్‌కూ లేదు. అడవిలో సొంతంగా చెట్లు కొట్టుకునేవాళ్లకు వెర్మాంట్ రాష్ట్రంలో మా వైపు అది ఉండడం అరుదు.

దారిలో లూసియన్ ఇంకో మాట కూడా అన్నాడు. "పైకి చూసుకోనిది నేనేనని చెబుతాను. నీ తప్పంటే ఖర్చంతా నీ నెత్తిన పడుతుంది. ఇద్దరం మునగడం దేనికి?"

ఆ పక్క చెట్టు కోసింది హోలిస్. కోసే ముందు పైకి చూడాల్సినవాడు కోసేవాడే. ఈ సంగతి ఊళ్లో నాలుగు నెలల పాటు వాళ్లిద్దరికే తెలుసు.

అప్పటికి హోలిస్‌కు అరవై ఒకటి. ఎడమ చెవి సగమే ఉండేది. మిగతా సగాన్ని తెగిన ఇనుప తాడు ఎగరేసుకుపోయింది. ఒకసారి రంపం జారి తొడ చీలితే, వంటింట్లో కూర్చుని చేపల గాలానికి వాడే దారంతో తానే కుట్టుకున్నాడు. వయసులో ఉన్నప్పుడు కొట్లాటలంటే ముందుండేవాడు. ఇరవై ఆరో ఏట సారాకొట్టు వాకిట్లో ఒకడి మోచేతిని వెనక్కి విరిచాడు. ఆ ఎముక విరిగిన చప్పుడు తనకు ఇప్పటికీ వినిపిస్తుందని మా ఆయనతో ఓసారి చెప్పాడు. ఆ తర్వాత ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. ముప్పై తొమ్మిదో ఏట ఊరు అతన్ని మోడరేటర్‌గా ఎన్నుకుంది. అప్పటినుంచి ఇరవై రెండేళ్లు ఏటా మార్చి మొదటి మంగళవారం, ఊళ్లోవాళ్లంతా కూడి ఓట్లు వేసే ఊరి సభను అతనే నడిపాడు.

వెర్మాంట్‌లో ఊరి సభకు ఒక నియమం ఉంది. ఎవరూ ఎవరితోనూ నేరుగా మాట్లాడకూడదు. ఏ మాటైనా మోడరేటర్‌కు చెప్పాలి. సొంత తమ్ముడైనా "మోడరేటర్ గారూ" అనాల్సిందే. మోడరేటర్ మాత్రం తన అభిప్రాయం చెప్పకూడదు. ఓట్లు సరిసమానమైతే తప్ప ఓటు వేయకూడదు. చెప్పి తీరాలనుకుంటే చెక్క సుత్తిని ఇంకొకరికి అప్పగించి కిందికి దిగాలి. ఇరవై రెండేళ్లలో హోలిస్ ఒక్కసారీ దిగలేదు.

ఆ ఏడు రాష్ట్రమంతా ఒకటే గొడవ. అందరికీ ఒకే వైద్య బీమా ఉండాలనీ, దాన్ని ప్రభుత్వమే నడపాలనీ, అందుకు జీతాల మీద పన్ను వేయాలనీ ఒక వాదం. అదే జరిగితే పరిశ్రమలన్నీ పక్క రాష్ట్రానికి పోతాయని ఇంకో వాదం. ఆ బీమాను సమర్థిస్తూ మా ఊరు కూడా రాష్ట్ర శాసనసభకు రాయాలా వద్దా అన్నది ఆ రోజు తొమ్మిదో తీర్మానం.

బడి హాల్లో నూట యాభై మంది దాకా ఉన్నారు. వెనక వంటగదిలో బీన్స్, పంది మాంసం ఉడుకుతున్నాయి. పిల్లలను కూడా అక్కడే ఆడిస్తున్నారు. వాళ్లలో మా మూడేళ్ల పాప ఉంది. ఓట్లు లెక్కపెట్టే పని నాకు అప్పగించారు. బడిలో సైన్సు చెబుతాను కాబట్టి లెక్క తప్పనని వాళ్ల నమ్మకం. నా కళ్లు మాత్రం వంటగది తలుపు అద్దం మీదే ఉన్నాయి.

ముందుగా వెండెల్ రోవెల్ లేచాడు. హోలిస్ తమ్ముడు, ఊళ్లో ఉన్న ఒకే ఒక్క రంపపు మిల్లుకు యజమాని.

"మోడరేటర్ గారూ, నా దగ్గర పదకొండు మంది పనిచేస్తున్నారు. ఈ పన్ను వస్తే మిల్లుకు తాళం వేసి, తాళంచెవి మీ బల్ల మీద పెడతాను. తర్వాత ఊరే నడుపుకోవచ్చు."

చంకకర్రల మీద లూసియన్ లేచాడు. కాల్లో ఇనుప కడ్డీలు ఉన్నాయి. చీము రెండుసార్లు తిరగబెట్టింది. ఇంకోసారి తిరగబెడితే కాలు తీసేస్తామన్నారు.

"మోడరేటర్ గారూ, పన్ను వస్తే ఆయన ఇప్పుడు పనివాళ్లకు కట్టే ఇన్సూరెన్స్ కట్టక్కర్లేదు. ఆ తీర్మానం కాగితం ఎవరైనా ఆయనకు చదివి పెట్టండి. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయినట్టున్నారు."

హాలు నవ్వింది.

"కళ్లజోడు ఉంది మోడరేటర్ గారూ. దాంతోనే చూశాను, పోయిన చలికాలం ఆయన వాకిట్లో మంచు మీద తిరిగే కొత్త మోటారుబండి. ఇన్సూరెన్స్‌కు లేని డబ్బు దానికెక్కణ్ణుంచి వచ్చిందో కాస్త అడగండి," అన్నాడు వెండెల్.

"అది మా బావమరిదిది మోడరేటర్ గారూ. రిపేరుకని వదిలిపోయాడు. అమ్మమంటే అమ్మేసి, ఆ డబ్బుతో మీ తమ్ముడు గారికి ఒక గుండె కొనిపెడతాను."

ఈసారి నవ్వు రెండు ముక్కలైంది. సగం హాలు నవ్వింది, సగం బూతులు తిట్టింది. హోలిస్ సుత్తితో బల్ల మీద కొట్టాడు. "మనుషుల సంగతి వద్దు. తీర్మానం సంగతి మాట్లాడండి."

వెండెల్ కూర్చోబోయాడు. ఏమనుకున్నాడో, వేదిక వైపు కాకుండా లూసియన్ వైపు తిరిగాడు.

"ఒరే లూసియన్! నెత్తిన కొమ్మ వేలాడుతుంటే కింద నిలబడ్డ గుడ్డివాడివి నువ్వు. నీ గుడ్డితనానికి నేనెందుకు పన్ను కట్టాలిరా?"

నేరుగా అన్న ఆ మాటకు హాలంతా బిగుసుకుపోయింది. లూసియన్ చంకకర్ర ఎత్తి వెండెల్ చెవి మీద కొట్టాడు. వెండెల్ కర్రను లాగేసుకుని, అతని ఇనుప కడ్డీల కాలి మీద బూటుతో తన్నాడు. లూసియన్ కేక వంటగది దాకా వెళ్లింది. లోపల పిల్లలు ఏడవడం మొదలుపెట్టారు. కుర్చీలు విరిగాయి. మిల్లు మనుషులు ఒకవైపు, చెట్లు కొట్టేవాళ్లు ఒకవైపు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒకావిడ పిండివంట పెట్టుకొచ్చిన గాజు పళ్లెంతోనే ఎవరినో కొట్టింది. నేను వంటగది తలుపు దగ్గరికి పరుగెత్తి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను.

హోలిస్ వేదిక దిగాడు. చేతిలో సుత్తి అలాగే ఉంది.

మొదటి దెబ్బ తమ్ముడి దవడ మీద పడింది. పచ్చి కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. రెండోది భుజం ఎముక మీద. వెండెల్ మోకాళ్ల మీద కూలాడు. హోలిస్ ఎడమచేత్తో కాలరు పట్టుకుని లేపి మూడోది కొట్టాడు. వెండెల్ నోట్లోంచి పళ్లు, నెత్తురు కలిసి నేల మీద పడ్డాయి. నాలుగో దెబ్బకు చెయ్యి లేచింది.

"హోలిస్!" ఊరి గుమాస్తా బ్యూలా స్టానర్డ్ వేదిక మీద నుంచి అరిచింది. "కుర్చీ ఖాళీగా ఉంది!"

ఆమె నోటికి వచ్చింది అదే. ఆశ్చర్యమేమిటంటే, అది పనిచేసింది. హోలిస్ తల తిప్పి ఖాళీ కుర్చీని చూశాడు. చెయ్యి దిగింది. కొట్టుకుంటున్నవాళ్లు కూడా ఆగి అటే చూశారు. సుత్తి అప్పగించకుండా మోడరేటర్ దిగడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు.

అతను వెళ్లి సుత్తిని బ్యూలా ముందు పెట్టాడు. ఆమె దాన్ని చేతిగుడ్డతో తుడిచి, తానే కుర్చీలో కూర్చుంది. అంబులెన్సు వచ్చి వెండెల్‌ను తీసుకుపోయింది. లూసియన్ మాత్రం కదలనన్నాడు. కట్టులోంచి నెత్తురు కారుతున్న కాలిని బెంచీ మీద చాపి, "ఓటేసి పోతాను" అన్నాడు. వంటగదిలో బీన్స్ కలుపుతున్న కానిస్టేబులు మెర్ల్ టాట్రో ఏప్రన్‌తోనే వచ్చి హోలిస్ మోచెయ్యి పట్టుకున్నాడు.

"పద హోలిస్. బండి బయటే ఉంది."

"తొమ్మిదోది అయ్యాక వస్తాను."

"నువ్వేం చేశావో తెలుస్తోందా నీకు?"

"తెలుసు. అయ్యాక వస్తానన్నాను కదా."

మాట్లాడతానని హోలిస్ చెయ్యి ఎత్తాడు. బ్యూలా అతన్ని చూసి, "చెప్పండి, రోవెల్ గారూ" అంది.

"మోడరేటర్ గారూ, ఆ పక్క చెట్టు కోసింది నేను. పైకి చూడాల్సింది నేను. చూడలేదు. నా దగ్గరా ఇన్సూరెన్స్ లేదని లూసియన్ తప్పు తన నెత్తిన వేసుకున్నాడు. ఇంతకాలం ఆ కుర్చీలో కూర్చుని నోరు మూసుకోవడం నియమం అనుకున్నాను. నాకు అది సుఖంగా ఉండేది, అంతే. మా తమ్ముడు అన్నదాన్లో తప్పు లేదు. ఎవడో పైకి చూడనందుకు వాడెందుకు కట్టాలి? నాకు జవాబు తెలీదు. కట్టమని మాత్రం అడుగుతున్నాను."

"ఇందాక బాగానే అడిగావులే!" వెనక నుంచి ఎవరో అన్నారు. ఎవరూ నవ్వలేదు.

లేచి నిలబడి ఓటు వేయమని బ్యూలా చెప్పింది. వ్యతిరేకించేవాళ్లు ముందు లేచారు. డెబ్బై ఎనిమిది. పొద్దున కాఫీ దగ్గర తీర్మానానికి అనుకూలంగా మాట్లాడిన ముగ్గురు నలుగురు కూడా అందులో ఉన్నారు. నేల మీద నెత్తురు ఇంకా తుడవలేదు. వాళ్లు హోలిస్ వైపు చూడకుండా లేచారు.

తర్వాత అనుకూలురు. అరవై దాటేసరికి లెక్కకు కొద్దిమందే మిగిలారు, చాలదని అందరికీ అర్థమైంది. లూసియన్ లేవలేక చెయ్యి ఎత్తాడు. మెర్ల్ తన పక్కన నిలబడ్డ హోలిస్ మోచెయ్యి లాగాడు.

"పోయింది హోలిస్. పద ఇక."

"లెక్కపెట్టే ఆవిడ ఇంకా నా దాకా రాలేదు."

నేను వరుస వెంట వెళ్లి అతని ముందు ఆగాను. చొక్కా మీద నెత్తురు ఆరుతోంది. అరవై ఆరు, అని పైకి అని, కాగితం మీద రాసుకున్నాను. అప్పుడు హోలిస్ మెర్ల్‌తో కలిసి బయటికి నడిచాడు.