పెద్దక్కకు చెప్పుకున్న మాట

పోయిన ఆదివారం మధ్యాహ్నం బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చున్నప్పుడు నా ఫోను వరసగా మోగడం మొదలుపెట్టింది. తీసి చూస్తే ఎవరో నన్నొక వాట్సాప్ గ్రూపులో చేర్చారు. ‘మన పాత వేదిక అక్కచెల్లెళ్లు’ అని దాని పేరు. పది నిమిషాలు తిరక్కుండానే పూల బొమ్మలు, దండం పెట్టే చేతుల బొమ్మలు, ఎవరెవరివో మనవళ్ల ఫొటోలు వచ్చి పడ్డాయి, వాటి మధ్యలో ఒకామె “తాపీ చెల్లి కూడా వచ్చిందా?” అని అడిగింది. ఆ పేరుతో నన్ను ఎవరైనా పిలిచి పదేళ్లు దాటింది. ఆ తర్వాత పేర్ల జాబితాలో అందరికంటే పైన, ఒకప్పుడు ఆ వేదికను నడిపిన పెద్దక్క ఫొటో కనిపించింది. నేను అప్పటికప్పుడు ఆ గ్రూపులోంచి బయటికి వచ్చేశాను.

సూరత్ పక్కన ఇచ్ఛాపూర్‌లో ఫ్యాక్టరీ పనికి వెళ్లే మా అబ్బాయి ఆ రోజు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. “అప్పుడు కంప్యూటర్ల రాసుకున్నరు, ఇప్పుడు ఫోన్ల రాసుకుంటున్నరు, ఫరక్ ఏముందమ్మా? జమానా మారింది, గంతే,” అన్నాడు. జరిగిందంతా వాడికి తెలుసు, నా మనసు తేలికపడాలనే అన్నాడు, అయినా ఆ ఫరక్ ఏమిటో వాడికి చెప్పబోయి మాటలు దొరక్క ఊరుకున్నాను. నా ఈడు వాళ్లకైతే చెప్పగలనేమోనని ఇది రాస్తున్నాను.

మా నాన్న కరీంనగర్ దిక్కు నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చినవాడు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడి మునిసిపాలిటీ తెలుగు బడిలో చదివి, ఈ ఊళ్లోనే భేస్తాన్‌లో మరమగ్గాలు నడిపే మనిషికే భార్యనయ్యాను. పెళ్లయిన పదేళ్లకే మగ్గాల చప్పుడుకు నా భర్త చెవులు దెబ్బతిన్నాయి. ఆయన మంచివాడు, కానీ ఆయనకు ఏ మాట చెప్పాలన్నా గొంతెత్తి అరవాలి. మేమున్నది వరసగా కట్టిన గదుల్లో, ఒక గదిలో దగ్గితే మూడో గదిలో వాళ్లు ఏమైందని అడుగుతారు. అందువల్ల మా కాపురంలో ఉప్పు, పప్పు, కరెంటు బిల్లు వంటి మాటలే మిగిలాయి. గట్టిగా అనడానికి వీల్లేని మాటలన్నీ నాలోనే ఉండిపోయేవి.

పిల్లవాడు కాస్త పెద్దయ్యాక నేను రింగ్ రోడ్డు దగ్గర ఒక దుకాణంలో పనికి కుదిరాను. చీరల మీద మిషన్ ఎంబ్రాయిడరీకి పువ్వులూ తీగలూ కంప్యూటర్లో తయారుచేసి ఇచ్చే చోటు అది. శేఠ్ గుజరాతీ ఆయన, నన్ను ‘బెన్’ అని, అంటే అక్కా అని, పిలిచేవాడు, మధ్యాహ్నం ఆయన భోజనానికి ఇంటికి వెళ్లి కునుకు తీసి వచ్చేదాకా ఒక గంటన్నర దుకాణం నా చేతిలో ఉండేది. ఆ గంటన్నరలో, రోటీ తింటూ, ఏదో వెతకబోయి ఒకనాడు ఆ చర్చావేదికలో పడ్డాను. తెలుగు ఆడవాళ్లు నడుపుకునే వేదిక. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలు పడేవి. ఆ తమాషాకే నేను మొదట వారం రోజులు నా పేరు, మా నాన్న పేరు, అంగట్లో కూరగాయల పేర్లు కొట్టుకుంటూ కూర్చున్నాను.

అప్పటి వేదికలు ఎలా ఉండేవో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఒకామె ఒక శీర్షిక పెడుతుంది, కింద ఒకరి తర్వాత ఒకరు జవాబు రాస్తారు, ఆ జవాబు రేపు రావచ్చు, తొమ్మిది రోజుల తర్వాత రావచ్చు. వచ్చినప్పుడు మాత్రం ఆలోచించి, కూర్చుని, ఉత్తరంలా రాసిన జవాబు వచ్చేది. ముఖాలు లేవు, అసలు పేర్లు లేవు. నేను మా సూరత్ నది పేరు ‘తాపీ’ అని పెట్టుకుంటే అందరూ తాపీ చెల్లి అన్నారు. వేదికను చూసుకునే ఆమెను పెద్దక్క అనేవాళ్లం. ఎవరైనా మాట తూలితే ఆమె మెల్లగా సర్దేది, ఏ రాత్రి రాసేదో గాని నేను మర్నాడు దుకాణం తెరిచేసరికి ఆమె జవాబు ఉండేది. నా అచ్చుతప్పులు దిద్దింది కూడా ఆమే. సొంత అక్క ఉండగా ఇంకొక అక్క ఎందుకనిపించిందని మీరు అడగవచ్చు. సొంత అక్కతో చెప్పుకోలేనిది ఒకటి ఉంది కాబట్టి.

మా అక్కకు పెళ్లయి తొమ్మిదేళ్లయినా పిల్లలు కలగలేదు. అత్తవారు బావకు ఇంకో పిల్లను చూస్తున్నారని తెలిసిన రోజు అక్క మా గదికి వచ్చింది, నాకప్పుడు రెండేళ్ల కొడుకు, మళ్లీ మూడో నెల. అక్క నన్ను ఏమీ అడగలేదు. నా పొట్ట వంక చూసి, చూపు తిప్పుకుని, నా కొడుకు తల నిమురుతూ కూర్చుంది. అడిగింది నేనే, “నీకు కావాల్నా అక్కా?” అని.

నా భర్త, బావ కూడా ఒప్పుకున్నాక, అయిదో నెలలో నేను ఇచ్ఛాపూర్ దగ్గర అక్కాబావా విడిగా ఉండే ఇంటికి వెళ్లాను. నొప్పులు మొదలైన రోజు రిక్షాలో ఆసుపత్రికి బయలుదేరితే దారిలో రైల్వే గేటు పడింది, గూడ్సు బండి ఎంతకీ కదల్లేదు, పాప ఆ రిక్షాలోనే పుట్టింది. మూడో రోజున అక్క చేతిలో పెట్టి వచ్చేశాను. భేస్తాన్‌లో మా గదుల వాళ్లకు బిడ్డ పురిట్లో పోయిందని చెప్పాం. ఓదార్చడానికి వచ్చిన ఆడవాళ్ల ముందు ఏడవడం నాకేమీ కష్టం కాలేదు. పిల్లకు ఏనాటికీ తెలియనివ్వనని అక్క చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాను. రిక్షా సంగతి మాత్రం ఇంట్లో ముచ్చటగా మిగిలింది, నొప్పులు అక్కవనీ తోడు వెళ్లింది నేననీ మార్చి చెప్పుకునేవాళ్లం, ‘రిక్షాల పుట్టిన పోరి’ అని దాన్ని ఆటపట్టించేవాళ్లం.

తర్వాత అక్కావాళ్లు కూడా భేస్తాన్ వచ్చి మాకు రెండు సందుల అవతల ఉన్నారు. పిల్ల గుజరాతీ బడిలో చదివింది. తెలుగు అక్షరాలు నేనే నేర్పాను, వేసవి సెలవుల్లో, ఒళ్లో కూర్చోబెట్టుకుని, పలక మీద చెయ్యి పట్టి దిద్దించి. నన్ను చిన్నమ్మా అని పిలిచేది. పిలిచిన ప్రతిసారీ పలికాను.

వేదికలో ‘ఎవరికీ చెప్పుకోలేనివి’ అని ఒక శీర్షిక ఉండేది. దాదాపు ఏడాది దాన్ని చదువుతూ వచ్చి, ఒక మధ్యాహ్నం శేఠ్ అటు వెళ్లగానే మొదలుపెట్టి, మొత్తం రాసేశాను. రైలు గేటు, రిక్షా, మూడో రోజు, ఇంటికొచ్చాక పాలు ఆగిపోవడానికి గుండెలకు గుడ్డ గట్టిగా కట్టుకోవడం, అన్నీ. ఆరుగురు జవాబిచ్చారు. ఒక్కరూ నన్ను తప్పు పట్టలేదు, ఒక్కరూ దేవతను చెయ్యలేదు. పెద్దక్క అందరికంటే ఆలస్యంగా, అందరికంటే పొడుగ్గా రాసింది: ఇక్కడ పెట్టిన మాట ఇక్కడే ఉంటుంది చెల్లీ, నువ్వు బరువు దించుకుని వెళ్లు, అని. నేను నిజంగానే దించుకుని వెళ్లాను. ఆ జవాబు చదివిన సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎన్నేళ్లకో, ఏ ఆలోచనా లేకుండా ఇల్లు చేరాను.

తర్వాత ఏమైందో మీకూ తెలుసు. ఒక్కొక్కరే ఫేస్‌బుక్‌కు వెళ్లిపోయారు. వేదికలో శీర్షికలు వారాల తరబడి ఖాళీగా ఉండేవి. చివరికి పెద్దక్క ఒక ప్రకటన పెట్టింది, వేదిక మూసేస్తున్నామనీ, మనం రాసుకున్నవన్నీ తన దగ్గర భద్రంగా ఉన్నాయనీ. ఆ ‘భద్రంగా’ అన్న మాటకు నేను కళ్లు తుడుచుకున్నాను.

రెండేళ్ల కిందట, ఒక మధ్యాహ్నం, అక్క ఇంటి ముందుగదిలో మేం అయిదారుగురం కూర్చుని ఎంబ్రాయిడరీ చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తున్నాం. పిల్ల అడాజన్‌లోని అత్తవారింటి నుంచి వచ్చి, గోడకు ఆనుకుని ఫోను చూసుకుంటోంది. “చిన్నమ్మా, ఇది వినుర్రి, మస్తు ఏడుపొస్తది, మా గ్రూప్‌ల అందరు పంపుకుంటున్నరు,” అని పైకి చదవడం మొదలుపెట్టింది. పైన ఎవరిదో తల్లీబిడ్డల ఫొటో ఉందట. సూరత్‌లో ఉండే ఒక చేనేత ఇంటి చెల్లెలు నాతో చెప్పుకున్న కథ, అని మొదలైంది.

ఆ తర్వాత కథలోని మొదటి వాక్యానికే అది నేను రాసిందని నాకు తెలిసిపోయింది. మన వాక్యం మనకు తెలియదా. కత్తెర చేతిలో అలాగే ఉండిపోయింది. పక్కింటామె కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, “అయ్యో, ఎంత గుండె రాయి చేసుకున్నదో పాపం,” అంది. రైల్వే గేటు దగ్గరికి వచ్చేసరికి పిల్ల నవ్వింది. “అరే, నేన్ గూడ గిట్లనే రిక్షాల పుట్టిన గదా మమ్మీ!” అంది. అక్క కత్తెర కింద పెట్టి లేచింది. పిల్ల ఇంకో నాలుగు వాక్యాలు చదివింది. మూడో రోజున బిడ్డను అక్క ఒడిలో పెట్టి భేస్తాన్‌కు తిరిగి వచ్చాను, అన్న చోట దాని గొంతు నెమ్మదించి, ఆగిపోయింది. మిగతాది కళ్లతోనే చదువుకుంది. తర్వాత నా వైపు చూసింది, వాళ్లమ్మ వైపు చూసింది. ఆడవాళ్లు చీరలు మడుచుకుని ఒకరి వెనక ఒకరు లేచి వెళ్లిపోయారు.

అక్క వంటింటి గడపలో నిలబడి, “నీ నోటి మాట మీద గిన్నేండ్లు బతికిన,” అంది. “నాకు మాటిచ్చి, ఊరందరికి చెప్పుకున్నవా?”

“ఊరోళ్లకు చెప్పలేదక్కా. ఎవ్వరు తెల్వని కాడ చెప్పిన.”

“తెల్వనోళ్లు ఉంటరా యాడనన్న?” అంది అక్క.

పిల్ల చెప్పులేసుకుంటూ ఒక్క మాట అడిగింది. “ఎవరో తెల్వనోళ్లకు చెప్పినవ్ చిన్నమ్మా. నాకెందుకు చెప్పలే?”

నేను లేచేలోపే సందు మలుపు దాటిపోయింది.

ఆ కథ మొదట ఎక్కడ పెట్టారో అబ్బాయి చేత వెతికించి, ఫేస్‌బుక్‌లో పెద్దక్క పేజీ పట్టుకున్నాను. మొదటిసారి ఆమె ముఖం చూశాను. చక్కటి ముఖం, పెద్ద బొట్టు. నా కథ కింద వందల మంది రాశారు, ఏడుపు బొమ్మలు పెట్టినవాళ్లు కొందరు, ‘ఇది తల్లేనా’ అన్నవాళ్లు కొందరు, బిడ్డను అమ్ముకుని కథలు చెబుతోందన్నవాళ్లు కొందరు. నా నంబరు ఇచ్చి, పోస్టు తీసెయ్యమని రాశాను. జవాబు వెంటనే వచ్చింది: “నీ పేరు ఎక్కడా పెట్టలేదు కదా చెల్లీ. ఎంతమంది కదిలిపోయారో చూడు. నీ బాధ ఇంతమందికి చేరినందుకు సంతోషించాలి.” ఆ మాటల్లో దురుద్దేశం లేదు, అదే నన్ను ఎక్కువ కాల్చింది. ఒకప్పుడు నా అచ్చుతప్పులు దిద్దిన మనిషికి తను చేసిందేమిటో అర్థమే కాలేదు. మూడోసారి అడిగితే తీసేసింది. అప్పటికే ఆ కథ వేరే ఫొటోలతో, వేరే ఊళ్ల పేర్లతో, ఒకచోట వేరొకామె సంతకంతో కూడా తిరుగుతోంది.

ఆమెను తిట్టుకున్న ప్రతిసారీ అక్క ముఖం గుర్తొస్తుంది. పెద్దక్క నాకు చేసిందే నేను అక్కకు చేశాను. నాకు లాగే అక్క కూడా ఒక్క మనిషిని నమ్ముకుంది. అక్క మాట్లాడుతోంది గాని లెక్కగా మాట్లాడుతోంది. మా ఇంటికి మాత్రం రావడం లేదు.

పిల్ల ఎనిమిది నెలలు నా ఫోను ఎత్తలేదు. ఒకరోజు తనే వచ్చి, చాయ్ అడిగి తాగి, తను పుట్టినప్పుడు ఎంత బరువుందని అడిగింది. తూచలేదని చెప్పాను. ఇప్పుడు అప్పుడప్పుడు వస్తుంది. పిలుపు చిన్నమ్మే. నేను దాన్ని మార్చమనలేదు.

అబ్బాయి అడిగిన ఫరక్ నాకు తోచినంతలో ఇది. ఆ రోజుల్లో మేం ఒక గదిలోకి వెళ్లి మాట్లాడుకున్నాం; విన్నవాళ్లకు మేమెవరో తెలియకపోయినా, వినడానికి కూర్చునేవాళ్లు. ఇప్పుడు మనిషి ఎవరో, ఊరు ఏదో, ముఖం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, కూర్చునే తీరిక మాత్రం ఎవరికీ లేదు. చదివి, ఒక బొమ్మ పెట్టి, పక్కవాళ్లకు పంపి వెళ్లిపోతారు. అందులో ఎవరిదో బతుకు ఉందని వాళ్లకు తట్టదు. అలాంటి గది ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు, ఉన్నా నేను అందులో అడుగుపెట్టలేను. నమ్మకంగా చెప్పుకోవడం అనేదే నా చేతిలోంచి పోయింది, అందరికంటే ఎక్కువ నాకు దుఃఖం దానికే.

ఇది అచ్చుకు పంపే ముందు అక్కకూ పిల్లకూ చదివి వినిపించాను. అక్క కత్తెర ఆపకుండా విని, “ఇంక దాచేదేముంది, పంపు,” అంది. పిల్ల రెండు చోట్ల తీసెయ్యమంది. ఎందుకని నేను అడగలేదు, ఒక్కసారి చెప్పగానే తీసేశాను. తీసెయ్యడానికి నాకు పట్టింది ఒక్క నిమిషం.